చీమలు ముట్టని కొమ్ముల కప్ప

ఏదీ, కాళ్ళు కడుక్కున్నావా? దేవుడికి దణ్ణం పెట్టుకున్నావా? అయితే ఇలా నా పక్కకి జరుగు. ఊఁ కొడితేనే కథ. నిద్రొచ్చాక కొట్టక్కర్లేదులే, నాకే తెలుస్తుంది.

అనగనగా సముద్రం ఒడ్డున, ఇసక దిబ్బల వెనకాల ఒక ఊళ్ళో నూకాలు అని ఒక పిల్ల ఉండేది. ఆ ఊరివాళ్ళంతా కొబ్బరి పీచు నానబెట్టి, దంచి, తాళ్ళు పేనేవారు. నూకాలు వాళ్ళ అమ్మా నాన్నలదీ అదే పని. పక్క వాటాలో మేనత్త పైడమ్మ ఉండేది. పైడమ్మకి భక్తి ఎక్కువ. దీపం పెట్టనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టదు. గుమ్మంలోకి పిల్లి వచ్చినా బొట్టు పెట్టి పంపేది.

పైడమ్మ పెనిమిటి పోలయ్య ఓడ మీద పనిచేసేవాడు. ఓడెక్కితే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ భగవంతుడికే ఎరుక. ఒకసారి అతను ఏడు సముద్రాల అవతలికి వెళ్ళి, వస్తూ వస్తూ ఒక మట్టి ముంత తెచ్చాడు. ముంత మీద చిల్లుల మూత ఉంది.

"ఏం తెచ్చావు మావయ్యా? బొమ్మా?" అంది నూకాలు.

"కాదు."

"మిఠాయా?"

"కాదు."

"ఏంటో చెప్పవేం మరీ!"

"చెప్తే ఏం బాగుంటుందే? చూడు," అని పోలయ్య మూత తీశాడు.

లోపల ఒక కప్ప! బూరెలా గుండ్రంగా ఉంది. ఒళ్ళంతా పచ్చ, మధ్యమధ్య ముదురు మచ్చలు. నోరు ఈ చివర నుంచి ఆ చివరి దాకా. రెండు కళ్ళ మీద రెండు చిన్న కొమ్ములు! మెత్తని తోలు కొమ్ములే అనుకో, అయినా కొమ్ములు కొమ్ములే కదా. కదలదు, మెదలదు. పెళ్ళిలో పంక్తికి కూర్చుని, ఇంకా విస్తరి వెయ్యలేదేమని చూస్తున్న పెద్దాయనలా చూస్తోంది.

"దీనికి మూడు కావాలి నూకాలూ," అన్నాడు పోలయ్య. "ఒళ్ళు సగం కప్పుకుని కూర్చోవడానికి తడి పీచు, ఒకటి. రెండోది మంచినీళ్ళు. ఉప్పునీళ్ళు తగిలాయా, ఇది బతకదు. ఆ మంచినీళ్ళు కూడా నోటితో తాగదు, పొట్ట కింది తోలుతో పీల్చుకుంటుంది. మూడోది కదిలే మేత. కదలనిది దీని కంటికి ఆనదు."

"మరి ముద్దు చెయ్యొద్దా?"

"అదొక్కటీ దీనికి అక్కర్లేదు."

అప్పుడు నూకాలు ఆ కప్పకి బూరెయ్య అని పేరు పెట్టింది. ఆ తర్వాత పోలయ్య మళ్ళీ ఓడెక్కేశాడు.

ఊళ్ళో పీచంతా ఉప్పుకాలవలో నానినదే కదా. అందుకని నూకాలు గుప్పెడు పీచు తెచ్చి, మంచినీళ్ళలో జాడించి, పిండి, మళ్ళీ జాడించి, నాలిక మీద పెట్టుకుని ఉప్పు లేదని చూసుకున్నాకే బూరెయ్యకి పక్క వేసింది. తను పడుకునే చాప కూడా ఏనాడూ అంత శుభ్రంగా దులపలేదు!

పైడమ్మ వచ్చి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "కొమ్ములున్న కప్ప ఎక్కడైనా చూశామా తల్లీ! ఇది ఉత్త కప్ప కాదే. అమ్మవారు పంపింది. పస్తు పెట్టకూడదు," అంది.

మొదటి రోజు పరమాన్నం వండి పెట్టింది. బూరెయ్య చూడలేదు. రెండో రోజు దద్దోజనం కలిపి పెట్టింది. బూరెయ్య చూడలేదు. మూడో రోజు నేతి బూరె వేయించి, ఇంత బెల్లం తగిలించి, బూరెయ్య ముందే పెట్టింది. అబ్బే, అదీ చూడలేదు.

"అలిగిందే!" అని పైడమ్మ ముక్కు చీదింది.

అప్పుడు ఆ నెయ్యి వాసనకి మూల నుంచి ఒక బొద్దింక మీసాలు ఊపుకుంటూ వచ్చింది. వచ్చి బూరె ఎక్కింది. అంతే! గుభుక్కున ఒక దూకు. బూరె అక్కడే ఉంది. బొద్దింక లేదు. బూరెయ్య మూతికి ఒక మీసం మాత్రం వేలాడుతోంది.

"రామ రామ! దేవతే అనుకుంటే బొద్దింకని మింగిందే!"

"మావయ్య చెప్పాడుగా అత్తా, కదిలేదే దాని మేత అని. బూరె కదుల్తుందా?"

నవ్వకు, నువ్వు చూశావా బూరె కదలడం? చూడలేదుగా.

ఆ తర్వాత నూకాలు పీచు కుప్పల కింద వానపాముల్ని ఏరేది, దడి మొదట్లో కీచురాళ్ళని పట్టేది. పట్టి రెండు మూడు రోజులకోసారి పుల్లతో అందించేది. రోజూ పెడితే ఒళ్ళు ఊరిపోయి ఊపిరాడదని కొన్నాళ్ళకి ఆ పిల్లకే తెలిసింది. అడిగినప్పుడల్లా పెట్టడానికి అదేమన్నా నువ్వా!

ఇంతలో ఒక శుక్రవారం వచ్చింది. నూకాలు పెరట్లో పీచు ఆరేస్తోంది. ఇంట్లో చంటిపిల్ల ఏడ్చినట్టు ఒకటే కేక. పరుగెత్తుకొచ్చి చూస్తే ఏముంది! పైడమ్మ బూరెయ్య వీపంతా పసుపు రాసి, కొమ్ముల మధ్య కుంకం బొట్టు పెట్టింది. బూరెయ్య ఒళ్ళు బుంగలా ఉబ్బించుకుని నోరు తెరిచి అరుస్తోంది.

"అయ్యో అత్తా! దీని తోలే దీనికి నోరు. నువ్వు రాసిందంతా లోపలికి తాగేస్తుంది!" అంటూ నూకాలు దాన్ని మంచినీళ్ళ మూకుట్లో ముంచి కడిగింది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కడిగింది. మూడోసారి కడిగాక గాని బూరెయ్య పొట్ట దిగలేదు.

పైడమ్మ లెంపలు వేసుకుంది. "అపచారం తల్లీ! ఇంకెప్పుడూ పసుపు రాయను. నా మీద ఒట్టు," అంది. మళ్ళీ రాయలేదు కూడా. పైడమ్మ మాట అంటే మాటే.

వింటున్నావా? ఊఁ ఏదీ?

ఆ ఏడు వాన పడలేదు. పైరగాలి లేదు, మబ్బు లేదు. ఆ ఊళ్ళో బావి నీళ్ళు ఎప్పుడూ ఉప్పే. ఇసకలో గుంట తవ్వితే చెలమలో ఊరే నీళ్ళే మంచినీళ్ళు. ఆ చెలమ కూడా అడుగంటింది. ఆడవాళ్ళు పొద్దున్నే వెళ్ళి కొబ్బరిచిప్పతో తోడుకుంటూ కూర్చుంటే బిందె నిండేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది.

అప్పుడు ఊరిపెద్ద దాలయ్య రచ్చ మీద నిలబడి, "రోజుకి ఇంటికి ఒక్క బిందె. మనుషులకీ గొడ్లకీ తప్ప ఇంకెవరికీ బొట్టు పొయ్యడానికి వీల్లేదు," అని చాటించాడు. దాలయ్య మంచివాడే. కాకపోతే నోరు పెద్దది. ఆయన మాట్లాడుతుంటే సముద్రం కూడా కాస్త ఆగి వినేదని ఊళ్ళో నవ్వుకునేవారు.

నూకాలు తను తాగే నీళ్ళలోంచే కొంచెం కొంచెం బూరెయ్య పీచు మీద చల్లేది. ఇంతలో వాళ్ళ అమ్మా నాన్నా తాళ్ళు అమ్ముకురావడానికి పడవెక్కారు. "తాళ్ళ చుట్టలు పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలే, నువ్వూ రా," అన్నారు. నూకాలుకి కాళ్ళు కదల్లేదు.

"అత్తా, నా వాటా నీళ్ళు నీకే ఇస్తారు. రోజూ దాని మీద పొయ్యి. పసుపొద్దు. పరమాన్నం వద్దు. మేత లేకపోయినా ఆగుతుంది, నీళ్ళు లేకపోతే ఆగదు."

"నీకెందుకే! కళ్ళలో పెట్టుకుని చూస్తాగా. నువ్వు వెళ్ళిరా," అంది పైడమ్మ.

నిజంగానే కళ్ళలో పెట్టుకుంది పాపం. చేసిన పొరపాటంతా అక్కడే ఉంది. వానకోసమని ఆమె దేవుడి గూట్లో రాత్రీ పగలూ ఆరని దీపం పెట్టింది. నట్టింట్లో కింద కూర్చోబెట్టకూడదని బూరెయ్య ముంతని తీసుకెళ్ళి ఆ దీపం పక్కన పెట్టింది. రోజూ ఉప్పుబావి నీళ్ళతో తలకి పోసుకుని, మడి కట్టుకుని, తులసి వేసిన తీర్థం ఒక ఉద్ధరిణెడు దాని నెత్తిన పోసేది. ఉద్ధరిణె తెలుసుగా, మన పూజ పళ్ళెంలో ఉండే చిట్టి చెంచా! మిగతా నీళ్ళు కూడా తను తాగేది కాదు, నూకాలు వాటా అని బిందెలో దాచేది. దాచిందంతా ఎండకి ఇగిరిపోయేది.

అటు పడవకి గాలి లేదు. తెరచాప గుడ్డలా వేలాడింది. అమావాస్య పోయి పున్నమి వచ్చింది, పున్నమి పోయి అమావాస్య వచ్చింది. ఇటు దీపం వేడికి పీచు ఎండింది. ఆ తర్వాత బూరెయ్య కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత దాని తోలు పొర మీద పొర కట్టి, బిగుసుకుని, కప్ప ఏదో కొబ్బరిపెంకు ఏదో తెలియకుండా అయిపోయింది.

పడవ ఒడ్డు తగిలిన రోజున నూకాలు ఇసకలో పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చేసరికి గుమ్మం ముందు జనం. పైడమ్మ అరుగు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఎదురుగా అరిటాకు. ఆకులో బూరెయ్య, నాలుగు మందారాలు, ఒక బెల్లం ముక్క.

దాలయ్య గొంతు నాలుగు వీధులకి వినిపిస్తోంది. "వానలేక ఊరు అల్లాడుతుంటే ఇంట్లో చచ్చిన కప్పా! అరిష్టం! పొద్దు గూకేలోగా సముద్రంలో కలిపెయ్యండి!"

సముద్రమంటే ఉప్పునీళ్ళు కదా! నూకాలు జనంలోంచి దూరి వచ్చింది. ఆకు ముందు చతికిలబడి బూరెయ్యని చేతిలోకి తీసుకుంది. తేలిగ్గా ఉంది. గట్టిగా ఉంది. పిలిచినా, ఊదినా ఉలుకూ లేదు పలుకూ లేదు.

అప్పుడు ఆ పిల్ల కన్ను బెల్లం ముక్క మీద పడింది. బెల్లానికి నల్లగా చీమలు పట్టాయి. చీమల బారు అరుగు మీంచి దిగి, ఆకెక్కి, బూరెయ్య పక్కనుంచే సాగి, బెల్లం దగ్గరికి పోతోంది. బూరెయ్య మీదికి మాత్రం ఒక్క చీమ ఎక్కలేదు.

"అత్తా, బూరెయ్య చచ్చిపోలేదు!" అంది నూకాలు లేచి నిలబడి.

"ఎవరు చెప్పారే నీకు?" అన్నాడు దాలయ్య.

"చీమలు."

జనం గొల్లున నవ్వారు. "ఇక నుంచి రచ్చకి చీమల్ని పిలుస్తాం లెండి, పెద్దమనుషులు దేనికి!" అన్నారెవరో వెనకనుంచి.

"చచ్చిన ఈగని కూడా చీమలు వదలవు కదా తాతా. ఇంత కప్పని వదిలేస్తాయా? లోపల ప్రాణం ఉంది. దీనికి నీళ్ళు కావాలి."

"ఇంటికి ఒక్క బిందె అన్నాను. ఇవాళ్టి మీ బిందె ఎండిపోయింది. ఇంకో బిందె ఎక్కడినుంచి తెస్తావు?"

నూకాలు ఆలోచించింది. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది నాన్నా. వాన రాకపోతే కప్పతల్లి ఆడతారు. ఒక కప్పని పట్టి, రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఆడపిల్లలు పాడుకుంటూ ఇంటింటికీ తిప్పుతారు. కప్పతల్లి గుమ్మంలోకి వస్తే చెంబుడు నీళ్ళు పొయ్యాల్సిందే. లేవనకూడదు. ఎంత కరువైనా లేవనకూడదు. ఆ ఏడు మాత్రం కప్పతల్లి ఆడనేలేదు. ఎందుకో తెలుసా? ఊళ్ళో ఒక్క కప్ప దొరకలేదు. అన్నీ ఎండకి భూమిలోకి వెళ్ళిపోయాయి.

నూకాలు వెడల్పాటి మట్టి మూకుడు తెచ్చింది. అడుగున పీచు పరిచింది. బూరెయ్యని దాని మీద కూర్చోబెట్టి నెత్తికెత్తుకుంది.

"కప్పతల్లి బయల్దేరింది! అత్తా, పాట అందుకో!"

పైడమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. లేచి ఎలుగెత్తింది.

"కప్పొచ్చింది గుమ్మానికి, చెంబుడు నీళ్ళు పొయ్యమ్మా!
ఎండిన ఒంటికి తడి తగిలితే, ఎండిన ఊరికి వానమ్మా!"

మొదటి ఇల్లు గవరమ్మది. గవరమ్మ జాలిపడి చెంబు వంచింది. పీచు తడిసింది. బూరెయ్య కదల్లేదు. "పోన్లే బిడ్డా, నీ తృప్తి కోసం," అంది.

రెండో ఇల్లు నరసమ్మది. నరసమ్మ నోరు ఊరుకోదు. "చచ్చినదానికి తలంటి పోసే పిల్లని నిన్నే చూశాను," అంటూనే పోసింది. ఆచారం కదా, తప్పుతుందా! నూకాలు మూకుడు దించి వంగి చూసింది. పెంకులాంటి తోలు మెత్తబడింది. లోపల్నుంచి లేత పచ్చ రంగు తేలింది. చూసింది గాని ఎవరికీ చెప్పలేదు. దేవుడా, ఇంకొక్క చెంబు, అని మనసులోనే మొక్కుకుంది.

మూడో ఇల్లు ఎవరిదనుకున్నావు? దాలయ్యదే! గడపకి అటూ ఇటూ చేతులు చాచి నిలబడ్డాడు.

"రోకలేదీ? వేపాకేదీ? ఇది కప్పతల్లి కాదు. నేను ఒప్పుకోను."

"రోకలికి కట్టడానికి ఊళ్ళో ఇంకో కప్ప ఉంటే మీరే పట్టుకురండి తాతా. మేం ఇక్కడే కూర్చుంటాం," అంటూ నూకాలు మూకుడు దించి గుమ్మం ముందు కూర్చుంది.

దాలయ్య చేతులు దించలేదు. అప్పుడు ఆయన భార్య అమ్మన్నమ్మ ఆయన చంక కిందనుంచి దూరి బయటికొచ్చింది. "గుమ్మంలోకొచ్చిన కప్పతల్లిని కాదన్నవాళ్ళు మా వంశంలో లేరు. తప్పుకోండి," అంటూ చెంబు కాదు, కుండెడు నీళ్ళు గుమ్మరించింది.

అందరూ మూకుడు మీదికి వంగారు. పైడమ్మ చేతులు జోడించింది.

టప్‌మని చిన్న చప్పుడు. వీపు మీద పొర చిట్లింది. ఒక కన్ను తెరుచుకుంది. రెండో కన్ను తెరుచుకుంది. ఆ తర్వాత బూరెయ్య ముందరి చేతులు రెండూ పైకెత్తి, చొక్కా విప్పుకున్నట్టు ఆ పొరని నెత్తి మీంచి లాక్కుని, పూతరేకులా నోట్లో కుక్కుకుని తినేసింది! కింద తళతళలాడే కొత్త పచ్చ. కొమ్ములు నిటారుగా లేచాయి.

"బతికింది! బతికిందర్రోయ్!" నరసమ్మే ముందు అరిచింది. పిల్లలు గెంతారు. పైడమ్మ నూకాలుని వాటేసుకుని బావురుమంది.

"అత్తా, ఏడవకు. నువ్వు దేవుణ్ణి పెంచావు, ఇదేమో కప్ప. ఇంతే తేడా," అంది నూకాలు.

"ఏదీ, నన్ను చూడనీండి," అని దాలయ్య అందరినీ తోసుకుని వచ్చాడు. వంగాడు. "నిజంగా ఇది అదేనా? ఆ కొమ్మేదీ?" అని వేలు పెట్టి చూపించాడు.

గప్!

నెల రోజుల పస్తు మరి! బూరెయ్య దాలయ్య వేలు పట్టుకుంది.

"అమ్మో! చచ్చాను! వదలమనవే నూకాలూ!"

"చెయ్యి ఊపకండి తాతా! కదిలితే మేత అనుకుంటుంది. మాట్లాడకండి. రాయిలా కూర్చోండి."

దాలయ్య రాయిలా కూర్చున్నాడు. కిక్కురుమనలేదు. ఆయన అంతసేపు నోరు మూసుకుని ఉండటం ఊరు మొదటిసారి చూసింది. అమ్మన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, "పెళ్ళైన ఇన్నేళ్ళకి ఇంత ప్రశాంతంగా ఉందమ్మా. కాసేపు ఉండనీ," అంది. దాలయ్య కళ్ళెర్రజేశాడు, అంతకంటే ఏం చెయ్యగలడు!

కాసేపటికి ఇది కీచురాయి కాదని బూరెయ్యకే విసుగొచ్చి వదిలేసింది. దాలయ్య వేలు చూసుకున్నాడు. బూరెయ్యని చూశాడు. నూకాలుని చూశాడు. అప్పుడు ఒక్కసారిగా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ప్రాణం ఉందన్నావు. ఉంది. నా వేలే సాక్షి! లే పిల్లా, నీ మెడ నొప్పెడుతుంది. మిగతా ఇళ్ళకి నేను మోస్తాను," అని తలపాగా చుట్టి, మూకుడు నెత్తికెత్తుకున్నాడు. ముందు దాలయ్య, పక్కన నూకాలు, వెనక ఊరు ఊరంతా! ప్రతి గుమ్మంలో నీళ్ళు పోశారు. దాలయ్య మొహమ్మీద, మీసాల మీద కారుతున్నా ఆయన పాట ఆపలేదు. ఇక రాజు ఊరేగింపే అనుకో!

ఆ తర్వాత ఆ ఊళ్ళో కప్పని రోకలికి కట్టడం మానేశారు. మంచినీళ్ళలో జాడించిన పీచు పరిచి, మూకుట్లో కూర్చోబెట్టి తిప్పుతారు.

వాన వచ్చిందా అంటావా? రాకుండా ఉంటుందా! ఇల్లిల్లూ తిరిగి వచ్చేసరికి తూరుపు వైపు నల్లగా కమ్ముకుంది. ముందు మట్టి వాసన, ఆ తర్వాత చిటపటలు, ఆ తర్వాత కుండపోత! పైడమ్మ వాకిట్లో తడుస్తూనే దణ్ణాలు పెట్టింది. వాన ఇచ్చినవాడు దేవుడే. కానీ తొలి చెంబు నీళ్ళకోసం ఇంటింటికీ తిరిగింది మన నూకాలు.

అప్పుడేమైందో తెలుసా? ఇసక కిందా, దిబ్బ కిందా, పీచు కుప్పల కిందా దాక్కున్న కప్పలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. చూరు కింద ముంతలోంచి బూరెయ్య గొంతెత్తితే, కాలవ గట్టు మీంచి వెయ్యి కప్పలు బదులు పలికాయి. బెకబెకబెకబెక! ఊళ్ళో ఎవ్వరికీ కన్ను మూత పడలేదు. పైడమ్మ రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని, "వాన చాలు దేవుళ్ళారా, ఇక కాస్త నోళ్ళు ముయ్యండి!" అని కప్పలన్నిటికీ పేరుపేరునా దణ్ణం పెట్టింది.

వాళ్ళకంటే నిద్ర పట్టలేదు. నీకేం నాన్నా? ఇక్కడ ఏ కప్పా అరవడం లేదు. కళ్ళు మూసుకో, నేను పాడతాను.

మబ్బులు వంగెను ఊరికి,
మడుగులు నిండెను నీటికి,
చుక్కలు పోయెను గూటికి,
జోలలు చాలును పాపకి.
కథ నడిచెళ్ళెను కంచికి,
కల నడిచొచ్చెను మన ఇంటికి!